మొలతాడు మీద పెట్టిన టేపు

నా కళ్లజోడు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుకోవచ్చు, ఒట్టు ఒట్టే.

గడువుకు ముందే ఉద్యోగం వదిలేసినవాణ్ణి. కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది ధర్మవరం దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌గా ఉండగా, ముప్పై దాటినవాళ్లందరికీ నడుము కొలిచే పని పడింది. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలించి టేపు చుట్టాలి. మగవాళ్లకు తొంభై సెంటీమీటర్లు దాటితే ఫారంలో మార్కు పడుతుంది. మార్కులు ఎక్కువైనవాళ్లను ముందుగా షుగరు, బీపీ పరీక్షలకు పంపాలి.

పట్టుచీరలు నేసే ఓబులేసు బొజ్జ గడప దాటాక మనం టీ తాగి రావచ్చు, అప్పటికి మనిషి వస్తాడు. గుంత మగ్గం తీసేసి మరమగ్గం పెట్టినాక కాళ్లకు పని పోయింది. పొద్దంతా కుర్చీ, బోండాలు. కరువులో పెరిగినవాళ్లకు బొజ్జ కాలం కలిసొచ్చిన గుర్తే తప్ప జబ్బు కాదు.

“పొట్ట మీద యాల పెడతావు సారూ? కింద మొలతాడు ఉండాది, ఆడ పెట్టు. షుగరని పేరు పడితే వీధిలో నవ్వుతారు” అన్నాడు.

“ఇప్పుడేమన్నా ఏడుస్తాండారా నిన్ను చూసి?” అంది ఆయన భార్య లక్ష్మక్క.

మొలతాడు బొజ్జ కిందికి జారి ఉంది. అక్కడ ఎనభై ఎనిమిది వచ్చింది. అదే రాశాను. మిగతావాళ్లకూ అక్కడే కొలిచాను. సాయంత్రానికి ఆ వీధంతా సన్నబడింది. నెలవారీ సమావేశంలో మెడికల్ ఆఫీసరు నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఓబులేసుకు పరీక్ష జరగలేదు. ఏడాది తిరిగేసరికి చెప్పు కరిచిన పుండు మానలేదు. అనంతపురం పెద్దాసుపత్రిలో షుగరు మొదటిసారి బయటపడింది. రెండు కాలి వేళ్లు తీసేశారు. చూడటానికి వెళితే ఆయనే నాకు ధైర్యం చెప్పాడు: “మరమగ్గానికి కాలితో ఏం పని లే సారూ.”

లక్ష్మక్క మాత్రం అడిగింది: “ఆ పొద్దు నీ టేపు ఏం చెప్పింది సారూ?”

ఆ పొద్దు అంతా బాగానే ఉందని చెప్పి వచ్చేశాను.

ఎక్కడ కొలవాలో కొలిపించుకునేవాడి మాట వినకూడదు. నేను నేర్చుకున్నది అది అని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను.

అది కల్పన. మొలతాడు మీద పెట్టమని ఓబులేసు అడగనే లేదు. చొక్కా ఎత్తి, నేను చెప్పినట్టే ఊపిరి వదిలి నిలబడ్డాడు. బయట వరస పెద్దదిగా ఉంది. ఆ కొవ్వులో ఎముక వెతికే ఓపిక లేక, చేతికి తగిలిన మొలతాడు మీద టేపు చుట్టింది నేనే.