పబ్బు తోటలో ఒంటి తుమ్ము

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. శకునాలంటే అంతకన్నా లేదు. పిల్లి ఎదురొస్తే దానికేదో పనుందనుకునే రకాన్ని. అందుకే ఈ సంగతి రాయాలంటే ఒళ్లు మండుతోంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఏ బస్సెక్కినా సగం మంది మన పిల్లలే కనిపించిన రోజులవి. ఒక్క పార్ట్ టైమ్ ఉద్యోగం ఉందంటే వీధి మలుపు దాకా లైను. నేను చదువు ముగించి వేర్‌హౌస్‌లో చేస్తున్నాను. చెల్లెలు లావణ్య కాలేజీలో ఉంది. దాని భర్త కిరణ్ స్పౌజ్ వర్క్ పర్మిట్ మీద వచ్చి, నెలల తరబడి చెప్పులరిగేలా తిరిగితే చివరికి ఫుల్ టైమ్ దొరికింది. ఆ సంతోషంలో ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఇద్దరినీ ఊరి శివార్లలో ఉన్న పబ్బుకి తీసుకెళ్లాడు. లావణ్యకి అప్పుడు ఐదో నెల.

పబ్బంటే చీకటి, హోరు అనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే అది పాత ఇటుకల భవనం. విశాలమైన గదులు, నున్నగా అరిగిన చెక్క బల్లలు, ఒక మూల చలిమంట గూడు. మామ్మలు మనవల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేపముక్కలు తింటున్నారు. వెనక బీరు తోట. పెద్ద మేపుల్ చెట్టు, దాని చుట్టూ బల్లలు, చెక్క కంచె, వేలాడే పూలకుండీలు. నాకు నచ్చింది, కాదనను.

కిరణ్ మొదటి గ్లాసు ఉద్యోగం కోసమన్నాడు. రెండోది పుట్టబోయే బిడ్డ కోసమన్నాడు. ఆ తర్వాత కారణాలు చెప్పడం మానేశాడు. లావణ్య నిమ్మరసం ముందు పెట్టుకుని "ఇంక చాలు కిరణ్" అంటూనే ఉంది. అతను నవ్వుతూనే ఉన్నాడు. ఇంతలో సన్నటి జల్లు మొదలైతే తోటలో వాళ్లంతా లోపలికి వెళ్లిపోయారు. మేము గొడుగు కింద ఉన్నాం కాబట్టి అక్కడే ఉండిపోయాం.

కాసేపటికి కిరణ్ కారు తాళాలు తీసుకుని లేచాడు. అడుగు సరిగ్గా పడటం లేదు. ఇంటికి వెళ్లాలంటే హైవే ఎక్కాలి. మా ఇద్దరికీ డ్రైవింగ్ రాదు. క్యాబ్ పిలుద్దామన్నాను.

"బీరే కదా వదినా, మందేం కాదు" అన్నాడు.

మంచిగా చెప్పాను. గట్టిగా చెప్పాను. నీ పెళ్లాం కడుపుతో ఉందిరా అని అరిచాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. లావణ్య అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. "పబ్లిక్‌లో సీన్ చెయ్యకు" అని చెయ్యి విడిపించుకుని గేటు వైపు నడిచాడు. నాకు అసలు కోపం తెప్పించింది ఆ తర్వాత జరిగిన సంగతి. కళ్లు తుడుచుకుని మా చెల్లెలు కూడా బ్యాగు తగిలించుకుని అతని వెనకే బయల్దేరింది. నువ్వెక్కడికే అని అరుస్తున్నాను.

అప్పుడు ఎవరో తుమ్మారు.

మగగొంతు. పెద్దాయనది. నిండుగా, ఒకే ఒక్క తుమ్ము. చెట్టు వెనక మూల బల్ల దగ్గర నుంచి. గ్లాసులు తీయడానికి వచ్చిన వెయిట్రెస్ అటు తిరిగి "బ్లెస్ యూ" అంది. అని, చేతిలో ట్రేతో అలాగే నిలబడిపోయింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. గ్లాసులు వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ మా బల్ల దగ్గరికి రాలేదు. బిల్లు వేరే అమ్మాయి తెచ్చింది.

నేను వెళ్లి చూశాను. కుర్చీలు తడిసి ఉన్నాయి. కంచె అవతల పార్కింగ్ స్థలం, కనుచూపు మేర మనిషి లేడు.

వెనక్కి తిరిగితే కిరణ్ తన చోట కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. "ఒంటి తుమ్ము వదినా. అసలే ఐదో నెల" అని, లావణ్యని కూర్చోమని, మంచినీళ్లు తాగి, తననీ తాగమన్నాడు. ఐదో నెల అని ఇప్పుడు గుర్తొచ్చింది బాబుగారికి. రెండో తుమ్ము వస్తే దోషం పోతుందట, బయల్దేరవచ్చట. దానికోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

శకునాల మీద నమ్మకం లేని నేను, ఆ రెండోది రాకూడదని మనసులో దండం పెట్టుకున్నాను. ఎవరికి పెట్టానో తెలియదు.

రాలేదు. జల్లు ఆగింది, కుర్చీలు ఆరడం మొదలైంది, కిరణ్ తల వాలిపోసాగింది. చివరికి తాళాలు బల్ల మీద పడేసి "ఇవాళ వద్దులే" అన్నాడు. క్యాబ్‌లో ఇంటికి వెళ్లాం. ముందు సీట్లో అతను గురక పెడుతుంటే లావణ్య నా భుజం మీద తల పెట్టి మెల్లగా అంది, "ఆ తుమ్ము రాకపోతే నేను కారెక్కేసేదాన్నే కదక్కా." దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆ రోజు ఆ రోడ్డు మీద ప్రమాదమేదీ జరిగినట్టు వినలేదు. కాబట్టి ఏదో శక్తి మమ్మల్ని కాపాడిందని కథలు అల్లను. విన్నవాళ్లు కొందరు పూల పుప్పొడి వల్ల అన్నారు, కొందరు కంచె అవతల ఎవరో తుమ్మి ఉంటారన్నారు. పుప్పొడి తుమ్మదు, మనిషే తుమ్మాలి. ఆ మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

కిరణ్‌కి మాత్రం అన్నీ తెలుసు. మనవాళ్లు ఎక్కడ కలిసినా ఈ సంగతి చెబుతాడు, కెనడాలో కూడా మన శకునం తప్పలేదని. తుమ్ము ఎలా వినిపించిందో చేసి చూపిస్తాడు. వెయిట్రెస్ మొహం ఎలా మారిందో చూపిస్తాడు. అందరూ నోరు తెరుచుకుని వింటారు. లావణ్య పాపని ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంటుంది. అతను చెప్పే దాంట్లో, చొక్కా పట్టుకుని అది ఏడ్చిన సంగతి ఉండదు.