మూతలు బిగియని ఇల్లు

అమ్మ సంవత్సరీకం అయిపోయిన వానాకాలంలో మా ఇంట్లో మూతలు బిగియడం మానేశాయి.

చిలకలగూడలో మాది రెండు గదుల పాత ఇల్లు. మాకు పిల్లలు లేరు. అమ్మ పోయాక మిగిలింది నేనూ నా భార్యా. ఆమె మా మేనమామ కూతురు. చిన్నప్పటినుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. నేను బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల దుకాణంలో గుమాస్తాను. లారీలు చీకటితోనే దిగుతాయి కాబట్టి ఆమె లేవకముందే బండి తీసుకుని వెళ్లిపోయేవాణ్ని. మధ్యాహ్నం నేను తిరిగి వచ్చే వేళకు ఆమె కాసేపు నడుం వాల్చి ఉండేది. లేపడమెందుకని నా చాయ్ నేనే పెట్టుకునేవాణ్ని.

అలా ఒకరోజు చక్కెర డబ్బాను మూత పట్టుకుని ఎత్తాను. మూత చేతిలోకి వచ్చింది, డబ్బా నేలమీద పడింది. మూత బిగించి లేదు, ఊరికే పైన ఆనించి ఉంది. తర్వాత పసుపు సీసా అంతే. కందిపప్పు డబ్బా అంతే. స్నానాల గదిలో నల్లా పూర్తిగా కట్టి ఉండేది కాదు, దారంలా నీళ్లు కారుతుండేవి. వెనక తలుపు దగ్గరికి వేసి ఉండేది కానీ గడియ పడి ఉండేది కాదు. బీరువా వేలెడు సందున తెరుచుకుని ఉండేది. ఎవరో ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్క వస్తువునీ తెరిచి చూసి, మూయకుండానే పక్కదాని దగ్గరికి పోయినట్టు ఉండేది.

మా ఆవిడను అడిగాను. తాను మంచిగానే పెట్టానంది. రెండోసారి కసిరితే మొహం పక్కకు తిప్పుకుని, ఏమో తెలియదంది.

ఆ తర్వాత వాసన మొదలైంది. అమ్మ చివరి రోజుల్లో ఒంటికి రాసుకునే నొప్పుల నూనె వాసన, కర్పూరమూ వెల్లుల్లీ కలిసిన ఘాటు. అమ్మ పోయాక ఆ గదిని కడిగించాం, ఆమె పరుపు ఇచ్చేశాం. అయినా కొన్ని మధ్యాహ్నాలు నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆ వాసన ఎదురొచ్చేది. నాలుగడుగులు లోపలికి వేసేసరికి ఉండేది కాదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మూతలు బిగించకపోవడం, నల్లా కట్టకపోవడం, గడియ వేయకపోవడం, ఇవన్నీ అమ్మ అలవాట్లు. చివరి రెండు మూడేళ్లూ ఆ విషయంలోనే ఆమెను రోజూ సాధించేవాణ్ని.

ఇది ఇంట్లో పైకి అన్నాను. అమ్మ ఎక్కడికీ పోలేదేమో అన్నాను. నా భార్య బియ్యం చాట పక్కన పెట్టి చాలాసేపు నన్ను చూసింది. కాదని మాత్రం అనలేదు. ఆ మౌనాన్ని నేను అవుననే తీసుకున్నాను.

బస్తీ గుళ్లో అయ్యగారిని అడిగితే, సంవత్సరీకం నాడు కాకి ముట్టిందా అని అడిగారు. ముట్టిందో లేదో నేను చూడలేదు. ఆ రోజు లోడు ఎక్కువొచ్చిందని దుకాణం నుంచి ఫోన్లు వస్తుంటే, పిండం గోడమీద పెట్టి వెనక్కి చూడకుండా బండెక్కాను. అమ్మకు ఇష్టమైనది వండి పెట్టి కాకి ముట్టేదాకా నిలబడమన్నారు ఆయన.

అమ్మకు మినప గారెలంటే ప్రాణం. ఆదివారం చేయమన్నాను. మిక్సీలో వేస్తే అమ్మ ఒప్పుకోదని, రోట్లోనే రుబ్బమని కూడా నేనే అన్నాను. నా భార్య రుబ్బింది. ఒక్కొక్కటీ అరచేతిలో ఒత్తి నూనెలో వేసింది. విస్తరాకులో పెట్టుకుని డాబా ఎక్కి, పిట్టగోడమీద ఉంచి, గొడుగు పట్టుకుని నిలబడి కాకిని పిలిచాను. కాకి రాలేదు. పావురాలు వచ్చాయి. గోడ పొడవునా వరసగా వాలి, విస్తరిని ఒకవైపు కంటితో చూశాయి. ఒక్కటీ ముట్టలేదు. వాన తుంపరలో గారెలు మెత్తబడుతుంటే అవి అలాగే కూర్చున్నాయి, ఏదో చూడ్డానికి పిలిస్తే వచ్చినట్టు.

మా బస్తీలో కాకులు కనబడటం ఎప్పుడో తగ్గిపోయిందనీ, ఇప్పుడు ఎటుచూసినా పావురాలేననీ తెలిసి కూడా ఆ క్షణంలో నాకు తట్టలేదు. అమ్మకు కోపం తీరలేదనుకున్నాను. తర్వాతి ఆదివారం మళ్లీ చేయించాను. అమావాస్యకు మళ్లీ. మూడోసారి గారెలు వంకరగా వచ్చాయి. కొన్నింటికి చిల్లు లేదు, కొన్ని ఒకవైపు లావు, ఒకవైపు పలచన. అమ్మకు పెట్టేది ఇలాగేనా అని అరిచాను. ఆమె బూరెలమూకుడు ముందు కూర్చుని ఉంది. చేతులు రెండూ కొంగు కింద ఉన్నాయి. అలాగే కూర్చుని, ఇంకో వాయి చేస్తానంది.

చేసింది. కాకి రాలేదు.

దసరా ముందు ఒక ఉదయం హమాలీలు పని ఆపేశారు. లారీలు దిగలేదు. మార్కెట్ బంద్ అని తెలిసి అక్కణ్నుంచే వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చేసరికి అప్పుడప్పుడే వెలుగొస్తోంది. ఆ వేళకు నేను ఇంట్లో ఉండి ఎన్నేళ్లయిందో. వీధి తలుపు దగ్గరికి వేసి ఉంది, తోస్తే తెరుచుకుంది. లోపల దీపం లేదు. నూనె వాసన మాత్రం ఈసారి గదుల నిండా ఉంది, నడిచినకొద్దీ పలచబడటం లేదు.

వంటగదిలో అలికిడి. ఏదో గాజుసామాను నేలకు రాసుకుంటున్న చప్పుడు, మధ్యలో ఊపిరి బరువుగా పీల్చి ఆపుకోవడం. గుమ్మందాకా వెళ్లాను.

అమ్మ కూర్చుని ఉంది. వీపు నా వైపు. ముదురు ఆకుపచ్చ నేతచీర, ముడి జారిన జుట్టు. రెండు మోకాళ్ల మధ్య సీసా ఇరికించుకుని, వేళ్లతో కాకుండా రెండు మణికట్లతో మూతను అదిమిపట్టి, ఒంటిని మొత్తం పక్కకు తిప్పుతోంది. అమ్మ సీసా మూత తీసే తీరు అదే. లోకంలో ఇంకెవరూ అలా తీయగా నేను చూడలేదు.

నోట్లోంచి అమ్మా అన్న మాట వచ్చింది.

ఆ మనిషి తిరిగి చూసింది. నా భార్య.

ముందు ఆమె చేసిన పని చేతులు కొంగు కింద దాచుకోవడం. తర్వాత, ఇంక దాచి లాభం లేదనుకుందేమో, బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. వేళ్ల మొదళ్లలో కణుపులన్నీ ఉబ్బి, చర్మం సాగి మెరుస్తోంది. రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి. ఒకే ఇంట్లో తింటూ, ఒకే గదిలో పడుకుంటూ, ఆ చేతులను నేను చూడలేదు.

"అత్తమ్మ గాదు బావా, నేనే" అంది. "ఇన్ని దినాలు నేనే."

ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెద్దగానే వచ్చింది, అప్పుడు కూడా.

"అత్తమ్మ నీకు చెప్పింది గద. పొద్దుగాల చేతులు నా మాట ఇంటలేవు బిడ్డా అని. పని తప్పించుకునే యేషాలన్నవ్. నేను గీడనే నిలబడి ఇన్న." సీసావైపు చూస్తూ మళ్లీ అంది. "బతికున్నప్పుడు తిట్టినవ్, సచ్చినంక గారెలు పెట్టినవ్. నేను సుత సచ్చినంక చెప్తె మంచిగుంటుండె."

అది నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంచి జ్ఞాపకం కాదు.

మిగతాది ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. వేడినీళ్లు పడి, ఎండ వచ్చి, రెండు గంటలు గడిస్తేగానీ చెంచా పట్టలేదు. మధ్యాహ్నానికి కాస్త సర్దుకుంటుంది, అందుకే నేనొచ్చే వేళకు తాను మామూలుగా కనబడేది, మూతలు మాత్రం పొద్దున వదిలినట్టే ఉండేవి. నూనె అమ్మ మిగిల్చిన సీసాలోది. చీర కూడా అమ్మదే, మెత్తగా ఉంటుంది, కుచ్చిళ్లకు వేళ్లు నొక్కనక్కర్లేదు. ఇంట్లో అమ్మ తిరుగుతోందని నేను అన్నప్పుడు ఆమెకు నిజంగా ఊరట కలిగిందట. తిట్లన్నీ అటు పోతాయి కదా అనుకుందట. గారెల సంగతి వచ్చేసరికి మాత్రం నోరు దాటి మాట రాలేదట.

ఆ వారమే కార్ఖానా బస్తీలో కీళ్లవాతం చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక్కొక్క కణుపునూ రెండు వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోయారు. నొక్కినప్పుడల్లా ఆమె కాలి బొటనవేలు నేలను గీరింది. నెత్తురు పరీక్షలూ, చేతుల ఎక్స్‌రే అయ్యాక ఆయన ఆ ఫిల్మును వెలుగుకు పెట్టి మాకు చూపించారు. నా భార్య చేతులు నల్లటి దాంట్లో తెల్లగా తేలుతున్నాయి. రెండు కణుపుల దగ్గర ఎముక అంచు ఎలుక కొరికినట్టు ఉంది.

ఇది వయసుతో అరిగే రకం కాదన్నారు. ఒంటికి కాపలా ఉండాల్సిందే దారి తప్పి, సొంత కీళ్లను పరాయివనుకుని లోపలినుంచి తినేస్తుందట. మన ఇంట్లోనే ఉండి, మనల్ని గుర్తుపట్టడం మానేసినది.

మీ పుట్టింటివైపు ఎవరికైనా ఉందా అని అడిగారు. ఆమె లేదంది. తల్లికి లేదు, తండ్రికి లేదు. మా అమ్మకు ఉండేదని నేనన్నాను. అత్తగారి సంగతి దీనికి లెక్కలోకి రాదని ఆయన రాసుకోబోతుంటే నా భార్య అడ్డం చెప్పింది.

"అత్తమ్మంటే మా నాయిన సొంత అక్క, సార్."

ఆయన కలం ఆగింది. తప్పకుండా వస్తుందని కాదుగానీ, నెత్తురులో నడిచే అవకాశం ఉందన్నారు. ఆటోలో వస్తుంటే ఆమె అరచేతులు పైకి తిప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను వాటినే చూస్తున్నాను. అమ్మ మా ఇంట్లో తిరుగుతోందని నేననుకున్నది పూర్తిగా అబద్ధం కాదు. నేను పొరబడింది చోటు విషయంలోనే. డాబామీద కాకికోసం వెతికాను. అమ్మ నా పక్కనే, నా భార్య చేతుల్లో, మూకుడు ముందు కూర్చుని ఉంది.

మందు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పారు. మధ్యమధ్యలో నెత్తురు పరీక్షలు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. కొరికిన ఎముక తిరిగిరాదు, మిగిలింది కాపాడుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, వాపు మళ్లీ తిరగబెడితే ఆలస్యం చేయకుండా చెప్పాలి. దాచుకున్న రోజులన్నీ ఎముకకే నష్టమన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆమె చెప్పదు. ఎలా ఉందని అడిగితే, బాగుందంటుంది. చలి మొదలైన రోజుల్లో మణికట్టు ఉబ్బి గాజులు చర్మంలోకి దిగిపోయినా అదే మాట. గాజులమ్మాయిని పిలిపించి పగలగొట్టించాల్సి వచ్చింది. తర్వాతిసారి చూపించినప్పుడు ఇంకో కణుపు చెడిందన్నారు డాక్టరు. ఎన్నాళ్లనుంచి నొప్పి ఉందని ఆయన అడిగితే, ఆమె ముందు నా మొహంవైపు చూసింది. చెప్పనా వద్దా అన్నట్టు. ఎముకల ఫిల్ముకంటే ఆ చూపే నన్ను ఎక్కువ భయపెట్టింది. మందు ఆమె ఒంట్లో పనిచేస్తోంది. నా మీది భయం దానికి ఎదురు పనిచేస్తోంది.

ఇంటికొచ్చాక క్షమించమని అడిగాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆమెకు ఏం చేయాలో తోచలేదు.

"మాఫీ గీఫీ ఏమొద్దు బావా. చెప్పినంక మొహం మార్చకుంట ఉంటవా, గది చెప్పు."

ఉంటానన్నాను. చూద్దాం అంది.

షావుకారుతో మాట్లాడి తెల్లవారాక వచ్చేలా వేళ మార్చుకున్నాను. ఆయన సణిగాడు, ఒప్పుకున్నాడు. అప్పటినుంచి మా ఇంటి పొద్దులు చూస్తున్నాను. అమ్మ చివరి ఏళ్లన్నీ నేను చూడకుండా గడిపిన వేళ అది. ఆమె ఎంతమాత్రం నటించలేదని నాకు తెలిసింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆమె లేదు.

చాలా రోజులు నా భార్య నన్ను లేపకుండా లేచి, గోడ పట్టుకుని వంటగదికి పోయేది. నేను నిద్ర నటిస్తూ వినేవాణ్ని. లేచి వెళితే మామూలుగా నిలబడటానికి ప్రయత్నించి ఇంకా కష్టపడుతుందని తెలుసు. అడగడం మానేశాను. వింటూ పడుకున్నాను. నేను చేయగలిగింది అదొక్కటే అయింది.

సంక్రాంతి దాటాక బాగా మంచు పట్టిన ఒక ఉదయం నా డొక్కలో ఏదో గుచ్చుకుంది. ఆమె మోచెయ్యి. పక్కనే కూర్చుని ఉంది. చేతులు దుప్పటిమీద పడి ఉన్నాయి, ఎవరో అక్కడ మరిచిపోయి వెళ్లినట్టు.

"బావా, లే" అంది. "చేతులు రాలే."

నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, ఆమె దాన్నే చూస్తోంది. లేచి నీళ్లు వేడిచేసి, గిన్నెలో పోసి, నా మోచేత్తో వేడి చూసి తెచ్చాను. ఆమె చేతులను నేనే ఎత్తి నీళ్లలో దించాను. చల్లగా, బరువుగా ఉన్నాయి. నీళ్ల అడుగున అవి కదలకుండా పడి ఉంటే ఇద్దరం వాటివైపే చూస్తూ కూర్చున్నాం, దూరపు ఊరినుంచి రావాల్సిన వాళ్లకోసం చూసినట్టు. కిటికీ బయట మంచు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి ఒక వేలు కొద్దిగా కదిలింది.

"ఎడమది వచ్చింది" అంది. "కుడిది ఇంక రాలే. కూసో."