కిటికీ అవతలి టీచరమ్మ

మా ఇంగ్లీషు టీచరమ్మ గారు శుక్రవారం పొద్దున ప్రభువు నందు నిద్రించారు. ఆ కబురు మా క్లాసు వాట్సాప్ గ్రూపులోకి వచ్చాక గంటసేపు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. బాధ ఒక కారణం. రెండోది చెబితే మీరు నవ్వుతారు. ఆ గ్రూపులో ఇంగ్లీషులోనే రాయాలన్నది ఆవిడ పెట్టిన రూలు. తప్పు రాస్తే దిద్ది తిప్పి పంపేవారు. తీరా ఆవిడ పోయిన కబురు కిందే తప్పులు రాస్తామేమోనని మా అందరికీ భయం. చివరికి నేనే తెగించి "షి వజ్ అవర్ టీచర్" అని కొట్టాను. ఆ 'వజ్' చూసుకుని, అరవై దాటిన మనిషిని, బందరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

ఏడుపు అక్కడితో సరి. మిగతాదంతా హుషారుగానే చెబుతాను. ఆ క్లాసు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు మరి.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. పుట్టింది దివిసీమ, కాపురం బందరు. అవనిగడ్డ రూటులోనూ గుడివాడ రూటులోనూ ముప్పై ఏళ్ళు గొంతు చించుకున్నాను. "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే!" అని నేను కేకేస్తే కూర్చున్నవాళ్ళు కూడా జరిగేవాళ్ళు. అలాంటి నేను బ్యాంకులో అడుగుపెడితే పిల్లినైపోయేవాణ్ణి. కౌంటరులో మనిషి తలెత్తకుండా "రేపు రండి" అంటే, "అలాగేనండీ" అని వచ్చేసేవాణ్ణి.

రిటైర్మెంటు ఇంకో ఏడాదుందనగా ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మొత్తం ఇంగ్లీషు. పెడనలో బస్సెక్కిన ఓ పెద్దావిడ చేతిలో ఇంగ్లీషు పేపరు చూసి, "కాస్త ఇది చదివి పెట్టండమ్మా" అని ఇచ్చాను. ఆవిడ కాగితం వంక చూసి, నా వంక చూసి, మడిచి తిరిగిచ్చేశారు.

"చదివి పెట్టనండీ. ఆదివారం మూడింటికి బందరులో మా చర్చి వెనక గదికి రండి. మీరే చదువుకుందురుగాని."

నాకు ఒళ్ళు మండిపోయింది. చదువుకున్నవాళ్ళకి ఎంత పొగరో అనుకున్నాను. ఈవిడ సంగతేంటో చూద్దామనే ఆ ఆదివారం వెళ్ళాను.

గదిలో పదిహేను మంది దాకా ఉన్నారు, అందరూ నా ఈడు వాళ్ళే. బల్ల మీద ఒక పాత చెక్క కిటికీ, ఇనప ఊచలతో సహా, నిలబెట్టి ఉంది. ఎవరిదో ఇల్లు పడగొడుతుంటే అడిగి తెచ్చుకున్నారట. ఆవిడ ఆ కిటికీ అవతల కూర్చుంటారు. అదే మా బ్యాంకు, అదే మా పెన్షనాఫీసు. ఇవతల మేం లైన్లో నిలబడి, ఒక్కొక్కరం వెళ్ళి ఇంగ్లీషులో మా పనేంటో చెప్పాలి. ఆవిడ మొహం చిట్లించి, అచ్చం కౌంటరులో మనిషిలాగే, "కమ్ టుమారో" అంటారు. మేం కదలకూడదు. "నో. టుడే" అనాలి. అదీ మా మొదటి పాఠం.

మంగినపూడి నుంచి చేపలమ్మే అక్క ఒకావిడ వచ్చేది. బేరంలో పోలీసుకి కూడా తగ్గని మనిషి. అలాంటిది, మొదటి రోజు "కమ్ టుమారో" అనగానే దణ్ణం పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు నిజంగానే వచ్చి, తాళం వేసున్న గది ముందు కూర్చుంది కూడా! ఆ సంగతి తెలిసి టీచరమ్మ గారు కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "చూశావా అమ్మాయ్, రమ్మన్న నేను రాలేదు. వాళ్ళూ అంతే" అన్నారు.

గ్రామరంటే మాకు పుస్తకంలో సంగతి కాదు. "జీతం పాస్ట్ టెన్స్. పెన్షన్ ఫ్యూచర్ టెన్స్. సంతకం మాత్రం ఎప్పుడూ ప్రెజెంట్ టెన్సే, జాగ్రత్త" అనేవారు. పాసు పుస్తకంతో నేర్చుకున్నాం, డిపాజిట్ ఫారాలతో నేర్చుకున్నాం. మూడు ప్రశ్నలు అడగనిదే పెన్ను మూత తీయకూడదన్నది ఇంకో రూలు. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది, మధ్యలో అవసరమైతే తీసుకోవచ్చా. ఈ మూడూ ఇంగ్లీషులో తడబడకుండా వచ్చేదాకా వదిలేవారు కాదు. మా ఆవిడ వంటింట్లోంచి "నిద్రలో కూడా హౌ మచ్, హౌ మచ్ అంటున్నాడీ మనిషి" అని విసుక్కునేది.

నామినీ పాఠం రోజు చూడాలి! 'ఇఫ్' తో వాక్యం చెప్పాలి, నేను పోతే డబ్బు ఎవరికని. "అట్టా అనకూడదండీ, అశుభం" అంది చేపల అక్క. "ఇఫ్ అన్నంత మాత్రాన పోరు లేమ్మా, చెప్పు" అన్నారావిడ. అక్క కొంగు దోపుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఇఫ్ ఐ డై, మై హజ్బెండ్ విల్ డ్రింక్ ది మనీ" అంది. తను పోతే మొగుడు ఆ డబ్బంతా తాగేస్తాడని! గది గదంతా గొల్లుమంది. టీచరమ్మ గారు మాత్రం నవ్వకుండా, "గ్రామర్ కరెక్ట్. నామినీని మార్చు" అన్నారు. ఆ వారమే అక్క బ్యాంకుకెళ్ళి కూతురి పేరు రాయించింది.

"మరి మీరు చెప్పరేంటండీ?" అని అక్క అడిగితే, ఆవిడ బోర్డు మీద రాశారు: నేను పోతే, క్లాసు మూడింటికే మొదలవుతుంది. ఇంగ్లీషులో మా అందరి చేతా చదివించారు. మేం ఉత్సాహంగా అరిచి మరీ చదివాం.

ఇక నా సంగతి. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బు మొత్తం ఏదో స్కీములో పెట్టించడానికి మా ఆవిడ తరఫు మావయ్య పూనుకున్నాడు. కాగితాలు తెచ్చి, సంతకాలు పెట్టాల్సిన చోటల్లా పెన్సిలుతో టిక్కులు కొట్టాడు. సోమవారం ఆ స్కీము ఆఫీసుకెళ్ళి ఇచ్చేయడమే. మా ఇద్దరి ముసలితనం మొత్తం ఆ డబ్బే. ఆదివారం క్లాసులో మాట వరసకి చెప్పాను.

"మూడు ప్రశ్నలూ అడిగారా?"

"మావయ్య కదండీ, అడిగితే బావుండదని..."

ఆవిడ కళ్ళజోడు తీసి, "నాకు ఇంగ్లీషు రాదంటారా కండక్టర్ గారూ?" అన్నారు. "నేను రిటైరయినప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే కాగితాలు తెచ్చాడు. ప్రతి లైనూ చదివాను. పదేళ్ళ దాకా తీయడానికి వీల్లేదని స్పష్టంగా ఉంది. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని సంతకం పెట్టేశాను. కంటి ఆపరేషనుకి మా అమ్మ గొలుసు అమ్ముకున్నాను. నాకు రానిది ఇంగ్లీషు కాదండీ, అడగడం. మొహమాటం."

ఈ కిటికీ ఎందుకు పెట్టారో నాకు అప్పుడర్థమైంది.

మరుక్షణం ఆవిడ కిటికీ అవతలికెళ్ళి మా మావయ్యైపోయారు. "ఏంటల్లుడూ, నా మీదే అనుమానమా?" అని గొంతు లావు చేసి దబాయించారు. నేను తడబడ్డ ప్రతిసారీ మళ్ళీ మొదటికి. "గ్రామర్ తప్పయితే నేను దిద్దుతాను. సంతకం తప్పయితే ఎవరు దిద్దుతారు? ఊఁ, కానివ్వండి!" అని సాయంత్రం దాకా సతాయించారు.

సోమవారం ఆఫీసులో టై కట్టుకున్న అబ్బాయి "జస్ట్ సైన్, సర్" అన్నాడు. బస్సులో కేకేసే గొంతు తెచ్చుకుని, ఎంతో, ఎప్పుడో అడిగి, ఆఖరికి "కెన్ ఐ టేక్ ఇట్ అవుట్ బిఫోర్ దట్?" అన్నాను. ఆఫీసంతా నా వైపు తిరిగింది. పన్నెండేళ్ళ దాకా కుదరదన్నాడు అబ్బాయి. నేను పెన్ను జేబులో పెట్టుకుని లేచాను. మావయ్య నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. నేను మాత్రం ఆ రోజు మెట్లు దిగుతూ ఈలేశాను. ఇవాళ మా ఇంట్లో పొయ్యి నిశ్చింతగా వెలుగుతోందంటే ఆవిడ చలవే.

శనివారం సమాధి కార్యక్రమం అయింది. ఆదివారం మూడింటికి ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరం వచ్చేశాం. కిటికీ ఉంది, అవతల కుర్చీ ఖాళీ. "మీరు కూర్చోండి" అంటే "అబ్బే, మీరు" అని ఒకరినొకరు నెట్టుకుంటున్నాం. మళ్ళీ అదే పాడు మొహమాటం! చేపల అక్క నన్ను ఒక్క తోపు తోసింది. వెళ్ళి కూర్చున్నాను.

అవతల నుంచి ఆ క్లాసుని చూడడం నాకదే మొదటిసారి. లైన్లో నిలబడి, పెదాలు కదుపుతూ, ఎవరి వాక్యం వాళ్ళు వల్లించుకుంటున్నారు. ప్రతి ఆదివారం ఆవిడ చూసింది ఇదన్నమాట. ఎలాగో మొహం చిట్లించి, "కమ్ టుమారో" అన్నాను.

చేపల అక్క కళ్ళనిండా నీళ్ళతో రెండు చేతులా ఊచలు పట్టుకుంది.

"నో" అంది. "టుడే."