ఆమోదం లేని పచ్చచుక్క

మా చిన్నాయన గతవారం మూలకుళంలోని స్వగృహంలో కాలం చేశారు. ఆలస్యంగా అందే వార్తలపై జీవితాంతం పోరాడిన ఆయన మరణవార్త బంధుమిత్రులందరికీ సకాలంలోనే చేరిందని విచారంతో తెలియజేస్తున్నాను.

ఒర్లియంపేటలోని చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆయన అధిపతి. నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. రెండువేల దశకం నడుమ ఒక ఆసుపత్రికి వెబ్ పేజీ తయారుచేశాం. ఆపరేషన్ థియేటర్ లోపలివారి పరిస్థితిని బయటి హాల్లోని తెరపై బంధువులకు చూపడం దాని విధి. మొదట్లో ఆసుపత్రిలోని ప్రతి తెరా క్షణక్షణమూ "కొత్తదేమైనా ఉందా?" అని సర్వరును అడిగేది. "లేదు" అని చెప్పి చెప్పి సర్వరు స్పృహ తప్పేది.

"అడిగిందే అడిగితే ఆన్సర్ మారతాదా? ఒకసారి అడిగి గమ్మునుండు. ఉంటే అదే చెప్తాది," అన్నారు చిన్నాయన.

అప్పటినుంచి సర్వరు ప్రశ్నను అందుకుని, చెప్పవలసింది ఏర్పడేవరకు లైను తెరిచే ఉంచి మౌనం పాటించేది. ఆ మౌనానికి రెండు కారణాలుండవచ్చని కూడా ఆయనే గుర్తించారు: కబురు లేకపోవడం, లైను తెగిపోవడం. కనుక లైను బతికి ఉన్నంతసేపు తెర మూల ఒక పచ్చచుక్క మినుకుమనాలని ప్రతిపాదించారు. చుక్క వల్ల తెర అందం చెడుతుందన్న ఆసుపత్రి కమిటీ, నిర్ణయాన్ని వాయిదా వేసింది.

ఆ వాయిదా కాలంలోనే చిన్నమ్మకు గుండె ఆపరేషన్ జరిగింది. తెరపై ఆమె పేరు పక్కన "లోపల ఉన్నారు" అని పడింది. మధ్యాహ్నం దాటినా అదే. చొక్కా గుండీ తిప్పుతూ తెరనే చూస్తున్న చిన్నాయన, చివరికి లేచి నర్సు దగ్గరికి వెళ్లారు. ఆ తమిళ ఊళ్లో దొరికిన మన తెలుగుపిల్లే.

"ఏంది పాపా, ఏమన్నా తెలిసిందా?"

"స్క్రీన్‌లో వస్తాది సార్. కూర్చోండి."

కూర్చున్నారు. లేచారు.

"పాపా, ఏమన్నా..."

"అడిగిందే అడిగితే ఎట్ల సార్? ఆ స్క్రీన్ చేసినోళ్లేమన్నా పిచ్చోళ్లా?"

చిన్నాయన కుర్చీ దాకా వెళ్లి, కూర్చోకుండానే తిరిగి రావడం చూసి ఆ పిల్లే లోపలికి వెళ్లింది, పరుగున వచ్చింది.

"అమ్మ బాగుండారు సార్! ఎప్పుడో అయిపోయిందంట. 'ఆయన యాడ?' అని అడగతానే ఉండారు."

ఊడ్చేవారి చీపురు తగిలి కంప్యూటరు వెనుక కేబుల్ ఊడిపోయినట్లు తదుపరి విచారణలో తేలింది.

మరునాడే, ఎవరి అనుమతీ లేకుండా, తెర మూల పచ్చచుక్క మినుకుమంది. ఆయన సర్వీసులో నమోదైన ఏకైక ధిక్కారం అదే.

ఇంట్లో కూడా ఆ పద్ధతి అమలైంది. ముందుగదిలో పని చేసుకుంటూ, ఎవరూ అడగకపోయినా, ఉండుండి "ఉండా" అనేవారు. వంటింట్లోంచి చిన్నమ్మ "ఊఁ" అనేవారు. నేనొకసారి నవ్వాను.

"నవ్వరా నవ్వు. గమ్మునుంటే మనిషి ఉండాడో లేదో ఎవురికి తెలస్తాది?"

నిన్న వెళ్లాను. చిన్నమ్మ వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. ఉండుండి చేయి ఆగుతోంది. ముందుగది వైపు చెవి ఒగ్గుతున్నారు. కాసేపటికి "ఊఁ" అని, మళ్లీ చేట మీదికి వంగుతున్నారు.