లాటింకా కోసిన రెక్కలు

స్లివెన్ ఊళ్ళో ఉన్ని మిల్లు మూతపడిన రోజున అందరూ గేటు దగ్గర గుమిగూడి ఉంటే, లాటింకా గెంచెవా ఒక్కతే లోపలికి వెళ్ళి తాను చూసుకునే పద్నాలుగు మగ్గాలకూ ఆఖరిసారి నూనె పెట్టి వచ్చింది. ఎందుకమ్మా ఈ చాదస్తం అని కాపలావాడు నవ్వాడు. "కొనుక్కుపోయినవాళ్ళు మొదటి రోజే నన్ను తిట్టుకోకూడదు కదా" అంది. అవి పూల నేత మగ్గాలు. చిల్లుల అట్టల వరసను బట్టి దారాలు లేస్తాయి, దిగుతాయి. బట్టలో ఒక పువ్వు వంకరపోతే ఏ అట్టలో ఏ చిల్లు మూసుకుపోయిందో వెతికి పట్టుకోవడమే ఇరవై ఆరేళ్ళు ఆమె ఉద్యోగం. తర్వాత ఇంటి కింది గదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తూ గడిపింది.

ఆమె భర్త జెల్యాజ్కో బస్సు డిపోలో మెకానిక్కు. అతని పిచ్చి వేరు. ఇంజను లేకుండా కొండగాలి మీదే తేలే చిన్న విమానాలు తయారుచేసి ఎగరేసేవాడు. వాటి రెక్కలు గట్టి థర్మోకోల్‌తో కోయాలి. దిమ్మకు రెండు పక్కలా రెక్క ఆకారంలో చెక్క పలకలు బిగించి, కరెంటుతో కాగిన తీగను వాటి అంచుల వెంట లాగాలి. దానికి ఇద్దరు కావాలి. మొదలు వైపు జెల్యాజ్కో, కొస వైపు లాటింకా. పలకల మీద అంకెలు రాసి ఉండేవి. అతను "ఏడు... ఎనిమిది..." అని అరుస్తుంటే ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే అంకె దగ్గరికి చేరాలి. మొదలు వెడల్పు, కొస సన్నం. అందుకని ఆమె చెయ్యి ఎప్పుడూ నెమ్మదిగా కదలాలి. ఆ ఇద్దరూ పోట్లాడుకున్న రోజు కోసిన రెక్క ఇట్టే తెలిసిపోతుందని విమానాల క్లబ్బులో నవ్వుకునేవాళ్ళు.

అరవై మూడో ఏట జెల్యాజ్కోకు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగి వచ్చింది, మాట వచ్చింది, కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి కిందికి మాట వినడం మానేసింది. అప్పటికే అతను ఒక కొత్త విమానం గీసి పెట్టుకున్నాడు. కొండల్లో గాలిలో నిలిచి వేటాడే చిన్న డేగ పేరు, కెర్కెనెజ్ అని, దానికి పెట్టాడు. ఆ కాగితాలను చుట్టచుట్టి అలమారా మీద పడేసి, "ఇక చాల్లే" అన్నాడు. అంతే, కింది గదిలోకి దిగడం మానేశాడు.

లాటింకా ఏడాది ఓపిక పట్టింది. ఒక వసంతంలో పాత ప్రింటర్ల నుంచి నాలుగు మోటార్లు ఊడదీసుకొచ్చింది. మేజా సొరుగులకుండే జారుడు పట్టాలు తెచ్చింది. బల్లకు అటొకటి ఇటొకటి రెండు స్తంభాలు నిలబెట్టి, ఒక్కో దానికి ముందుకూ వెనక్కూ ఒక మోటారు, పైకీ కిందికీ ఒక మోటారు బిగించింది. వాటి మధ్య స్ప్రింగుతో బిగువుగా తీగ కట్టింది. ఇక ఆ నాలుగు మోటార్లకూ ఎప్పుడు ఎంత తిరగాలో చెప్పే కంప్యూటరు ప్రోగ్రాం కావాలి.

అక్కడే ఫిల్కోతో గొడవ మొదలైంది. ఫిల్కో క్లబ్బు కార్యదర్శి, టెక్నికల్ స్కూల్లో చదువు చెప్పి రిటైరైనవాడు. కంప్యూటర్ల విషయంలో ఊళ్ళో అతని మాటే వేదం.

"వదినా, ఇందులో ఆలోచించడానికేముంది? నేను వాడే ప్రోగ్రాం కొను. తెర మీద రెక్క మొత్తం తిరుగుతూ కనిపిస్తుంది. మీట నొక్కితే కోసేస్తుంది."

"నొక్కాక అది మోటార్లకు ఏం చెప్తుందో చూపిస్తుందా?"

"అదెందుకు నీకు?"

"తప్పు కోస్తే ఎక్కడ తప్పిందో నాకెట్లా తెలుస్తుంది మరి?"

"తప్పు కోయదు వదినా! అందుకేగా కొనమంటోంది."

"మా మిల్లు మేనేజరు కూడా ఇదే మాటనేవాడు" అంది లాటింకా.

ఆమె మూడు ప్రోగ్రాములు చూసింది. ఫిల్కోది అందంగానే ఉంది, కానీ లోపల ఏం జరుగుతోందో తాళం వేసి దాచింది. రెండోది ఉచితం, మంచిదే. అయితే వెనకటి ప్రింటరు కేబులు తగిలించే పాత కంప్యూటరు మీద తప్ప నడవదు. అలాంటిది ఒకటి సంపాదించింది కూడా. మధ్యలో ఆ కంప్యూటరు తనలో తానేదో పని పెట్టుకుని ఒక్క క్షణం ఆగేది. కాగిన తీగ ఆ క్షణంలోనే థర్మోకోల్‌లో వేలు పట్టేంత గుంట చేసేది. మూడోది ఎవరో అభిరుచి గల మనిషి రాసి అందరికీ వదిలేసింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. రెక్క మొదలు ఆకారం, కొస ఆకారం, పొడవు ఇస్తే అంకెల వరసలు రాసి పెడుతుంది. వరసకు నాలుగు అంకెలు, మోటారుకొకటి. ఆ వరసలను అరచేతిలో పట్టేంత చిన్న బోర్డు ఒకటి చదువుకుని మోటార్లను తిప్పుతుంది. బోర్డుకు వేరే ధ్యాస లేదు గనక మధ్యలో ఆగదు.

లాటింకా ఆ అంకెల ఫైలు తెరిచి చదివింది. మొదటి పేజీ అయ్యేసరికి ఆమె ముఖం విప్పారింది. వేలు పెట్టి చూపించి, "ఇదిగో, ఇక్కడ తీగ రెక్క ముక్కు చుట్టూ తిరుగుతోంది" అంది. ఫిల్కో కళ్ళజోడు సర్దుకుని చూశాడు. నిజమే.

"మనిషన్నవాడు ఇవి చదువుతాడా వదినా!"

"అట్టల మీద చిల్లులు చదివినదాన్ని. వీటికి అంకెలైనా ఉన్నాయి."

మొదటి రెక్క జూన్‌లో కోసింది. మొదలు వైపు గీసినట్టే వచ్చింది. కొస వైపు మాత్రం రెండు మిల్లీమీటర్లు పలచబడి, వెనక అంచు కరిగి పోగులు పోగులుగా ఊడిపోయింది. "నేను చెప్పలా?" అన్నాడు ఫిల్కో. లాటింకా ఆ రెక్కను పక్కన పెట్టింది. మర్నాటి నుంచి వరసగా చిన్న దిమ్మలు కోయడం మొదలుపెట్టింది. వేడి అదే, వేగం మార్చి ఒకటి. వేగం అదే, వేడి మార్చి ఒకటి. ప్రతి గాడినీ కొలిచి దిమ్మ మీదే పెన్సిలుతో రాసేది. నలభై దిమ్మలయ్యాయి. నలభై ఒకటోది కోస్తుండగా తీగ ఉన్నట్టుండి దిమ్మలో ఇరుక్కుని వెనక్కి వంగింది. తల తిప్పి చూస్తే గుమ్మంలో జెల్యాజ్కో. తెరిచిన తలుపులోంచి కొండ మీంచి గాలి రివ్వున కొడుతోంది.

"తలుపు వెయ్యవయ్యా! తీగ చల్లారిపోతోంది. లోపలికైనా రా, బయటికైనా పో!"

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. లోపలికి వచ్చి, ఎడంచేత్తో తలుపు మూసి, కుట్టుమిషను పక్కనున్న ముక్కాలిపీట మీద కూచున్నాడు. చెడిపోయిన రెక్కను ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో కొసంతా తడిమాడు.

"నెమ్మదిగా పోయే వైపు ఎక్కువ కరుగుతుంది" అన్నాడు.

"అది ఈ నలభై దిమ్మలూ చెప్పాయిలే."

"మన రోజుల్లో నీ వైపు పలక నేనెప్పుడూ ఒక వెంట్రుకవాసి పెద్దగా చేసేవాణ్ణి."

లాటింకా చేతిలోని కొలబద్ద కింద పెట్టింది. "ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేం?"

"చెప్తే నీ చెయ్యి సరిగ్గా లేదంటున్నాననుకుని అలిగేదానివి."

"అలిగేదాన్నే" అని ఒప్పుకుంది.

ప్రోగ్రాంలో తీగ ఎంత కరిగిస్తుందో రాసే గళ్ళు రెండున్నాయి, ఒక్కో కొసకు ఒకటి. తాను రెండింట్లోనూ ఒకే అంకె వేసిందని అప్పుడు చూసుకుంది. తప్పు ప్రోగ్రాంది కాదు, తనదే. ఆ మాట ఫిల్కోకు తనే ఫోన్ చేసి చెప్పింది. దిమ్మల మీది కొలతలు చూసి కొస వైపు అంకె పెంచింది. కిటికీలు మూసింది. జెల్యాజ్కో పీట మీద కూచుని తీగ రంగు చూస్తూ "కొంచెం తగ్గించు, ఎర్రబడుతోంది" అన్నాడు. తగ్గించింది. రెక్క వచ్చింది. దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి కొస నుంచి మొదలు దాకా చూసి, అతనన్న మాట ఒక్కటే: "మనిద్దరం ఇంత బాగా ఎప్పుడూ కోయలేదే."

సెప్టెంబరులో నీలిరాళ్ళ కొండ మీద క్లబ్బు పోటీ. కెర్కెనెజ్‌ను ఎవరు ఎగరేయాలన్నది ప్రశ్న. జెల్యాజ్కో ఫిల్కోను ఎగరేయమన్నాడు. లాటింకా రెండు చేతులకూ రెండు పుల్లలుండే రిమోటు తెచ్చి ఫిల్కో ముందు పెట్టింది. "కుడి పుల్ల చేసే పనంతా ఎడమ పుల్లకు మార్చు" అంది. ఇంజను లేని విమానానికి ఒక్క పుల్ల చాలు. ఫిల్కో పది నిమిషాల్లో మార్చిచ్చాడు. నెలరోజులు రోజూ సాయంత్రం జెల్యాజ్కో రిమోటు మెడలో వేలాడదీసుకుని, ఒక పాత విమానంతో ఊరవతల పచ్చికలో ఎడంచేతికి విద్య నేర్పించాడు. దాన్ని మూడుసార్లు ముళ్ళకంపల్లో కూల్చాడు. మూడుసార్లూ లాటింకాయే వెళ్ళి తెచ్చింది.

పోటీ రోజున కెర్కెనెజ్‌ను ఆమే గాలిలోకి విసిరింది. అది ఒకసారి తడబడి, ముక్కు ఎత్తి, కొండ అంచు దగ్గర గాలి మీద అలా నిలబడిపోయింది. జెల్యాజ్కో నోరు తెరిచి చూస్తూ తిప్పడం కూడా మర్చిపోయాడు. "తిప్పు అన్నా, తిప్పు!" అని ఫిల్కో అరిచాక తిప్పాడు. పద్నాలుగు మందిలో పదకొండోవాడిగా వచ్చాడు. గెలిచినవాడి కన్నా ఎక్కువ మంది అతని చుట్టూ చేరి, రెక్క తాకి చూసి, ఎవరు కోశారని అడిగారు.

"మా ఆవిడ" అన్నాడతను. "ఒక్కతే" అని కలిపాడు.

ఇప్పుడు యాంబోల్, బుర్గాస్ లాంటి పై ఊళ్ళ నుంచి కూడా రెక్కల బొమ్మలు పట్టుకుని ఆ కింది గదికి వస్తారు. ఏ ప్రోగ్రాం వాడమంటావక్కా అని అడిగినవాళ్ళకు లాటింకా పేరు చెప్పదు. ముందు ఒక దిమ్మ ఇచ్చి, కోసి, గాడి కొలవమంటుంది. కొలిచే ఓపిక ఉన్నవాళ్ళు సాయంత్రం దాకా ఉండిపోతారు. వాళ్ళకు పొరల్లో జున్ను పెట్టి కాల్చిన బానిత్సా రొట్టె, చల్లటి మజ్జిగ పెడుతుంది. ఫిల్కో తన అందమైన ప్రోగ్రామునే ఇప్పటికీ వాడుతున్నాడు. కాకపోతే ముఖ్యమైన రెక్కలు మాత్రం ఆమె చేత కోయించుకుంటాడు.