ముళ్ళమొక్క మీద జాలి

టైపిస్టమ్మ తన బల్ల మీది ముళ్ళమొక్కకు వేలితో మట్టి పొడిచి చూసి, అడుగుదాకా ఎండితేనే చెంచాడు నీళ్ళు పోసేది. మిగతావాళ్ళకి మాత్రం జాలి పొంగుకొచ్చేది. అటుగా పోతూ సీసాలో మిగిలిన నీళ్ళన్నీ అందులో వంపేవాళ్ళు. "వద్దు, చచ్చిపోతుంది" అని ఆమె ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. అందరికంటే ఎక్కువ పోసింది మేనేజరే. పోస్తూ, "నీది రాతిగుండెమ్మా" అని నవ్వేవాడు.

ఒకరోజు మొక్క పక్కకి ఒరిగిపోయింది. మొదలంతా కుళ్ళి గుజ్జయింది. ఆమె దాన్ని వట్టి చేత్తో పెరికి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆయన ముందున్న కాగితాల మీద పడేసింది. "ముట్టుకు చూడండి సార్, మీ జాలి ఎలా కుళ్ళిందో!"

ఆయన బిత్తరపోయి లేచాడు. "అయ్యో, అరచేతి నిండా ముళ్ళే! ఇలా ఇవ్వమ్మా, తీస్తాను."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "నేనడిగానా?"