దుప్పి కాదన్న కూర

పోయిన శుక్రవారం ఆరాధన అయ్యాక, దోహాలోని అల్ తుమామాలో మా ఇంటి దగ్గరున్న పెద్ద సూపర్ మార్కెట్‌కు వెళ్ళాను. ఫ్రీజర్ల వరుస దగ్గర నా పక్కనే కొత్తగా పెళ్ళయినట్టున్న తెలుగు జంట ఒకటి నిలబడి ఉంది. అమ్మాయి చేతిలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన జింక మాంసం పొట్లం. "ఏవండీ, ఇది జింకంట. మనూళ్ళో అయితే జైల్లో వేస్తారు కదా" అంటోంది. "ఇక్కడికొచ్చేది ఫారాల్లో పెంచిందిలే. కోడి కంటే బలమంట" అన్నాడు అబ్బాయి. ఆ మాట వినగానే నా చెవి వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. తిరిగి చూడలేదు. ఎవరో నాకు తెలుసు. మా బావగారు పోయి చాలా ఏళ్ళయింది గాని, మాంసం అమ్మే చోట ఆయన నన్ను ఒంటరిగా ఎప్పుడూ వదలరు.

అడగకపోయినా ఆ పిల్లలకు జవాబు చెప్పాను. చర్మం తీసేసిన కోడి రొమ్ములోనూ, కొవ్వు లేని జింక ముక్కలోనూ మాంసకృత్తులు ఇంచుమించు సమానమే. కొవ్వు రెండింటిలోనూ తక్కువే. చర్మంతో వండితే మాత్రం కోడి ఓడిపోతుంది. ఇనుములో జింకదే పైచేయి, బి పన్నెండు విటమిన్‌లోనూ అంతే. అయితే కోడి కార్జం సంగతి ఎవరూ ఎత్తరు. ఇనుము విషయంలో కోడి కార్జం ముందు జింక తొడ కూడా తల వంచాల్సిందే. ఇదంతా చెబుతుంటే ఆ అబ్బాయి, "మీరు డైటీషియనా ఆంటీ" అన్నాడు. కాదు, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తానన్నాను. మరి ఇదంతా ఎందుకు చదివారని అతను అడగలేదు. అడిగి ఉంటే, నన్ను నలుగురిలో మోసగత్తె అన్నారు కాబట్టి చదివానని చెప్పేదాన్ని.

అప్పట్లో మేము, మా బావగారు ఒకే విల్లాలో చెరో పోర్షన్‌లో ఉండేవాళ్ళం. వంటిల్లు మాత్రం ఒక్కటే. బావగారు మా ఆయనకు అన్నయ్య, దోహాకు మా అందరికంటే ముందు వచ్చినవారు, ఆ సంగతి రోజుకొకసారైనా గుర్తు చేసేవారు. నేను కోడి కూర వండినప్పుడల్లా వంటింటి గుమ్మంలో నిలబడి మూత తీసి చూసి, "కోడి కూడా ఒక మాంసమేనా అమ్మాయ్? ఈకలున్న సొరకాయ" అనేవారు. నవ్వుతూనే అనేవారు. నవ్వుతూ అన్నమాట లెక్కలోకి రాదని మా ఆయన సిద్ధాంతం. నా లెక్కలో అన్నీ వస్తాయి.

ఆయనకు కథలు రెండే ఉండేవి. మా మావగారు ఏజెన్సీలో, గోదావరి ఒడ్డున కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో బడిపంతులుగా పనిచేశారు. అక్కడ చిన్నతనంలో కొండవాళ్ళు తెచ్చి ఇచ్చిన దుప్పి మాంసం తిన్నానన్నది మొదటి కథ. నల్లని కూర, నాలుక మీద కాస్త చేదు, తిన్న మర్నాటికి జ్వరం పారిపోయిందట. "దుప్పి తిన్న ఒళ్ళు ఇది" అని జబ్బ చూపించేవారు. రెండో కథ నల్లపెట్టది. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి ఆయనే పెంచుకున్న కోడి. బడికి వెళ్తే వెనకే వచ్చేదట, సాయంత్రం భుజమెక్కి కూచునేదట. ఒక వానాకాలంలో దాన్ని అడవిపిల్లి ఎత్తుకుపోయిందని అమ్మ చెప్పిందట. జ్వరంతోనే లేచి, కర్ర పట్టుకుని చీకటి పడేదాకా వాగు పక్కన దాన్ని పిలుస్తూ తిరిగానని చెప్పేటప్పుడు, అంతటి మనిషీ మోచేత్తో కళ్ళు తుడుచుకునేవారు. ఆ రెండు కథలూ ఆయన ఒకే భోజనంలో చెప్పేవారు. రెండింటికీ మధ్య ఒక్కోసారి ఒక్క ముద్ద తినేంత ఎడం కూడా ఉండేది కాదు. మాలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

తరువాత ఆయనకు పేగులో గడ్డ కనిపించింది. అల్ సద్‌లో చూపించుకునే డాక్టరు, రక్తం మరీ తక్కువగా ఉంది, పెరిగితేగాని ఆపరేషన్ చేయలేమన్నాడు. ఇనుము మాత్రలు కడుపులో ఇమడలేదు. సెలైన్‌లో ఎక్కిస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి వణుకు పుట్టింది. రక్తం ఎక్కించడం చివరి దారి అన్నారు, ఇక తిండితోనే పెంచాలి. గుండెకు స్టెంటు ఉంది గనక మేకమాంసం వద్దన్నారు. పెద్దమాంసం ఆయన చిన్నప్పటి నుంచీ ముట్టరు. కోడి సంగతి తెలిసిందే. పళ్ళెం ముందు పెడితే మొహం గోడ వైపు తిప్పుకునేవారు. మా తోటికోడలు, అక్క అంటాను ఆమెను, వంటింట్లో నా భుజం మీద తల పెట్టి, "ఏదో ఒకటి తినకపోతే ఈయన నాకు దక్కరు" అని ఏడ్చింది. దుప్పి అయితే తింటాను అని ఆయన అన్నది ఆ వారంలోనే.

అప్పుడే నేను ఈ పొట్లం సంగతి కనిపెట్టింది. దోహాలో ఎన్ని దుకాణాలు తిరిగానో నేను చెప్పను, చెబితే గొప్పలంటారు. శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూడిక, ఆ తరువాత భోజనాలు. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు, గోదావరి జిల్లాల కుటుంబాలు, కడప నుంచి వచ్చి ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా చేసే మా సంఘం తమ్ముడు ఒకడు, అందరూ చాపల మీద కూచున్నారు. అందరికీ కోడి బిర్యానీ, బావగారికి మాత్రం విడిగా జింక కూర. నలుగురి ఎదుట ఆయన కళ్ళలో వెలుగు చూడాలని నాకు లేదంటే అబద్ధం. ఆయన ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. అందరూ నమలడం ఆపేశారు.

"ఇది దుప్పి కాదు" అన్నారు.

జింక జాతేనండీ బావగారూ అన్నాను. ఆయన పళ్ళెం పక్కకు నెట్టి, "నా జబ్బును అడ్డం పెట్టుకుని నన్ను ఏమారుస్తావా అమ్మాయ్? మీ పుట్టింటి వాళ్ళ వరసే ఇంత. తూకంలో మోసం, మాటలో మోసం" అన్నారు. మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. జీవితంలో ఎవరూ ఆయన తూకాన్ని వేలెత్తి చూపలేదు. కడప తమ్ముడు నవ్వించబోయి, "దుప్పి కాదంటే చిన్న ఒంటె అయ్యుంటుందిలే సార్" అన్నాడు. అందరూ నవ్వారు. పొట్లం తాలూకు కవరు ఏదని వెతికితే, అక్క చెత్తతోపాటు వీధిలో పెద్ద డబ్బాలో పడేసి వచ్చిందట. ఆ ఎండలో వెళ్ళి, డబ్బాలో చెయ్యి పెట్టి, కవరు వెతికి తెచ్చి కడిగి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడనైనా చూడకుండా, "కవరు మీద ఏమైనా రాస్తారు. నా నాలుక అబద్ధం చెబుతుందా" అన్నారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "పోనీలే, జబ్బు మనిషి" అన్నాడు. ఆ 'పోనీలే' ఈనాటికీ పోలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఆ కాస్త తిండీ మానేశారు. ఇంట్లో వాళ్ళే మోసం చేస్తుంటే ఏం తినమంటారని అడిగేవారు. నేను పట్టుదల మనిషిని. దుప్పి కూర ఎలా వండేవారో కనుక్కుని, అదే పద్ధతిలో వండి, ఆయన చేతనే ఒప్పించాలని రాజమండ్రిలో ఉన్న అత్తయ్యకు, బావగారి అమ్మకు, వీడియో కాల్ చేశాను. అత్తయ్య అప్పటికే మంచం మీద ఉంది. నేను చెప్పిందంతా విని, ఫోను పట్టుకున్న పనిమనిషిని బయటికి వెళ్ళమంది.

"అది దుప్పి కాదమ్మాయ్" అంది.

"మీరూ అదే మాటా అత్తయ్యా? కవరు నా దగ్గరుంది."

"నువ్వు వండింది కాదే. నేను వండింది. వాడు జన్మలో దుప్పి తినలేదు. ఆ ఏడు గోదారొచ్చి దారులన్నీ మూసుకుపోయాయి. ముగ్గురు పిల్లలకీ జ్వరాలు. ఇంట్లో మిగిలింది ఆ నల్లపెట్టొక్కటే. కోశానని తెలిస్తే వాడు ముద్ద ముట్టడు కదా. కొండోళ్ళు దుప్పి తెచ్చారని చెప్పాను. కోడని తెలియకుండా కార్జం నూరి, ఉల్లిపాయలు నల్లగా కాల్చి కలిపాను. రెండోసారి పెట్టించుకుని తిని, కర్ర పట్టుకుని దాన్ని వెతకడానికి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తా ఉన్నాను."

 తరువాత అత్తయ్య, "వాడికి చెప్పనని మాటివ్వు" అంది. సిగ్నల్ సరిగా లేదని ఫోను పెట్టేశాను. నేను మాట ఇవ్వలేదు. ఇది అందరూ గుర్తు పెట్టుకోవాలి.

ఒక నాటుకోడి కావాలని కడప తమ్ముణ్ణే అడిగాను. ఆ ఒంటె మాటకు నాకు ఒక కోడి బాకీ ఉన్నావన్నాను. "యాడన్నా చూస్తాలే అక్కా. మా అరబ్బు కఫీల్‌కు ఊరి బయట మజ్రా తోట ఉంది, ఆడ కోళ్ళుండాయి. ముసిలిదైనా పర్లేదా" అన్నాడు. ముసలిదే కావాలన్నాను. అతను తెచ్చిన సంచి విప్పి చూస్తే, సగం సగం పీకిన ఈకలు నల్లగా ఉన్నాయి. రంగు సంగతి నేను అతనికి చెప్పలేదు. దోహాలో కూచుని ఆ కోడి రంగు ఎవరు ఎంచారో నాకిప్పటికీ తెలియదు.

అత్తయ్య చెప్పినట్టే వండాను. అంగట్లో దొరికిన కార్జం కూడా కలిపి నూరాను, ఇనుము సంగతి అప్పటికే చదివి ఉన్నాను గనక. కాల్చిన ఉల్లిపాయల వాసన రెండు పోర్షన్లలోకీ వెళ్ళింది. నేను గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళేసరికి బావగారు దిండుకు ఆనుకుని లేచి కూచుని ఉన్నారు, ఎవరో పిలిచినట్టు. ఒక ముద్ద తిన్నారు. ఇంకొకటి. మూడో ముద్దకు కళ్ళనుంచి నీళ్ళు కారాయి.

"ఇదీ దుప్పంటే" అన్నారు. "చూశావా అమ్మాయ్, నిజాయితీగా తెస్తే ఎలా ఉందో."

నిజం నా నాలుక చివర ఉంది. ఒక్క వాక్యం చాలు, నా పేరు, మా నాన్న తూకం రెండూ కడుక్కోవచ్చు. నోరు తెరిచాను కూడా. ఆయన అన్నం కలుపుతూ, చాలా మామూలుగా, "పొద్దున కునుకు పడితే నల్లపెట్ట వచ్చింది. వాగు దగ్గర పిలుస్తున్నాను. అదేమో వెనక నుంచి, ఇంట్లోనే ఉన్నాను కదరా అంటోంది. ఇంట్లో ఎక్కడే అని అడిగితే చెప్పదు" అన్నారు. అక్క నా వైపు చూసింది, వడ్డించమని. వడ్డించాను. ఆయన రెండోసారి పెట్టించుకుని తిన్నారు. గిన్నె అడుగున నల్లని గుజ్జును వేలితో తుడిచి మరీ తిన్నారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను.

ప్రతి వారం కడప తమ్ముడు మజ్రా నుంచి కోడి తెచ్చేవాడు. బావగారి రక్తం పెరిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు, ఆపరేషన్ చేశారు, ఆయన ఇంకొన్నేళ్ళు ఉన్నారు. ఉన్నన్నాళ్ళూ కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ మూడో కథ చెప్పారు: మరదలు మొదట తనను ఏమార్చిన వైనం, తను పట్టేసిన వైనం, బుద్ధి వచ్చి అసలైన దుప్పి తెచ్చిన వైనం. చెబుతూ నా తల నిమిరేవారు. క్షమించేశానన్నట్టు. చెయ్యని తప్పుకు దొరికిన క్షమ కంటే బరువైనది నేను మోయలేదు. అత్తయ్య ఆయన కంటే ముందే వెళ్ళిపోయింది. ఆయన పోయాక జరిగిన జ్ఞాపకార్థ కూడికలో సంఘపెద్ద ఒకాయన ఆ కథే చెప్పాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మా ఆయన కూడా. ఆయనకు నేను నిజం చెప్పాను, ఒకసారి కాదు. "అన్నయ్య నాలుక తప్పు చెప్పదే" అంటాడు.

ఇప్పుడు ఆ విల్లాలో వేరే దేశం వాళ్ళున్నారు. చాపల మీద కూచున్నవాళ్ళు కొందరు ఇంటికి వెళ్ళిపోయారు, కొందరు ఏ దేశంలో ఉన్నారో తెలియదు. ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పాలని కొన్నాళ్ళు జాబితా కూడా మనసులో వేసుకున్నాను. కాలం మనిషికి న్యాయం చేస్తుందని మా నాన్న కొట్లో కూచుని అనేవాడు. నేను చూసిన కాలం మొదట నా సాక్షిని తీసుకుపోయింది, తరువాత నా మీద నేరం మోపినవాణ్ణి తీసుకుపోయింది, ఆ తరువాత నవ్విన వాళ్ళనందరినీ చెదరగొట్టింది. చివరికి నిజాన్ని పూర్తిగా నా ఒక్కదానికే ఇచ్చి, దాన్ని ఎవరికి చెప్పుకోవాలో మాత్రం చెప్పకుండా వెళ్ళిపోతోంది.